పాలగిన్నెలో పెళ్ళిగాజులు

మస్కట్ పోయి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధి ఆడవాళ్ళు అక్కడి బంగారం రేటు అడుగుతున్నారు. నాకు తెలియదు. పదహైదు రోజులున్నాను, బంగారం కొట్టు గడప తొక్కలేదు. నేను చూసింది ఒక పెళ్ళి. అది సర్దార్ల పెళ్ళి. మన కడప వైపు అలాంటిది చూసినవాళ్ళు తక్కువ కాబట్టి, నాలుగో తరగతితో బడి మానేసినదాన్నయినా రాయడానికి కూర్చున్నాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని కూడా రాస్తాను.

నా కూతురు లక్ష్మీదేవి పదహారేళ్ళ కిందట మస్కట్‌లో ఒక సర్దార్జీ ఇంట్లో పనికి చేరింది. చేరిన రెండో ఏడు ఆ ఇంటి ఇల్లాలు జబ్బుపడి పోయింది. అప్పటికి వాళ్ళ ఒక్క కూతురు ప్రీత్‌కు ఎనిమిదేళ్ళు. ఆ పిల్లకు జడ వేసింది, అన్నం తినిపించింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది నా కూతురే. ప్రీత్ దాన్ని మాసీ అని పిలుస్తుంది. వాళ్ళ భాషలో మాసీ అంటే తల్లి చెల్లెలు, మనకు చిన్నమ్మ. నన్ను మాత్రం మన మాటతోనే అవ్వా అంటుంది. తెలుగు అంతా నా కూతురి దగ్గర నేర్చింది కాబట్టి ఆ పంజాబు పిల్ల నోట అచ్చం కడప యాసే వస్తుంది.

పెళ్ళి కుదరగానే ఫోన్ చేసింది. "అవ్వా, నువ్వు రాకుంటే నేను పెండ్లి చేసుకోనంతే. నాయన టికెట్ కూడా తీసినాడు. ఊరగాయ తేవాకు, ఎయిర్‌పోర్టులో పారేస్తారు."

నేను తీసుకుపోయాను. ఎవరూ పారేయలేదు.

వాడి కబీర్

వాళ్ళుండేది వాడి కబీర్‌లో. చుట్టూ గడ్డిపోచ కూడా లేని రాతి కొండలు. కింద వర్క్‌షాపులు, పైన మిద్దెలు. పొద్దున బడి బస్సులు బారుగా నిలబడితే పిల్లల అరుపుల్లో హిందీ, మలయాళం, తెలుగు అన్నీ వినబడతాయి. సర్దార్జీకి లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. మనిషి తలుపు పట్టనంత ఉంటాడు. నేను రాగానే వంగి నా కాళ్ళు ముట్టుకుని, "నానీజీ, ఇల్లు మీదే" అన్నాడు. నానీ అంటే అమ్మమ్మ. మా ఊళ్ళో సాయిబుల ఇళ్ళ పక్కనే పెరిగాను కాబట్టి నాకు ఉర్దూ నాలుగు ముక్కలు వస్తాయి. సర్దార్లతో ఆ ముక్కలతోనే నెట్టుకొచ్చాను.

ఒక టీ నూరు బైసలు, అంటే మన పదకొండు పన్నెండు రూపాయలు. మా బస్టాండులో మూడు రూపాయలకే వస్తుంది. మొదటి రోజు తర్వాత నేను బయట టీ తాగలేదు.

ఇంట్లోకి పోగానే నాకు అర్థమైన సంగతి వేరే ఉంది. సర్దార్జీ అక్క, అంటే ప్రీత్ మేనత్త, జలంధర్ నుంచి నెల ముందే వచ్చి పెళ్ళి పెత్తనమంతా చూస్తోంది. అందరూ ఆమెను బూవా అంటారు. నా వయసే, నాలాగే నవ్వదు. ఇద్దరం ఒకరినొకరం ఎగాదిగా చూసుకున్నాం.

మనలో పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి తెచ్చినట్టే, వాళ్ళలోనూ మేనమామ చేయవలసిన పని ఒకటుంది. ఎర్రవీ తెల్లవీ కలిపిన గాజుల వరస పెళ్ళికూతురికి తొడగాలి. దాన్ని చూడా అంటారు. మేనమామ, మాసీ, నానీ, ఇలా పిల్ల తల్లి వైపు వాళ్ళందరినీ కలిపి నానకే అంటారు. నానకేలు రాకపోతే పెళ్ళిలో ఒక పక్క ఖాళీగా ఉన్నట్టే. ప్రీత్ సొంత మేనమామ పంజాబులో కాలు విరిగి మంచాన పడ్డాడు. గాజులు మాత్రం మనిషితో పంపించాడు. తొడిగేది ఎవరు?

"ఓబులేసు మామ," అంది ప్రీత్. ఓబులేసు నా కొడుకు, బర్కాలో ఖర్జూరపు తోటలో పనిచేస్తాడు. "మాసీ తమ్ముడు మామ కాకుంటే ఇంకెవరు?"

బూవా రొట్టెల కర్ర పక్కన పెట్టింది. "లచ్మీ మంచిదే, కాదనను. కానీ నానకే అంటే రక్తం. జీతానికి వచ్చినవాళ్ళు నానకేలు అవుతారా? దుబాయ్‌లో మన దూరపు బంధువు ఉన్నాడు, అతన్ని పిలుద్దాం."

నా కూతురు అక్కడే ఉల్లిగడ్డలు కోస్తోంది. తల ఎత్తలేదు.

సర్దార్జీ గడ్డం నిమురుకున్నాడు. "బహెన్‌జీ, గురువు ముందర మనం అందరం ఒకే చాప మీద కూర్చుంటాం. గాజుల దగ్గర వేరు చాప వెయ్యలేను," అన్నాడు. బూవా మళ్ళీ రొట్టెల కర్ర అందుకుంది. కానీ ఆ రోజు నుంచి మాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

బర్కా

ఓబులేసును తీసుకురావడానికి షెడ్డు పికప్‌లో పోయాం. సముద్రం పక్కనే దారి. తోటంతా పచ్చగడ్డి వాసన, మేకల అరుపులు. ఓబులేసు యజమాని ఒమానీ ముసలాయన, తెల్లటి పొడుగు చొక్కా. పనివాళ్ళు ఆయన్ను అర్బాబ్ అంటారు. ఆయన తల్లి నన్ను లోపలికి పిలిచి చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, కాఫీ పెట్టింది. ఆ కాఫీలో పాలు ఉండవు, చక్కెర ఉండదు, ఏలకుల ఘాటు ఉంటుంది. గిన్నె మన దీపపు ప్రమిదంత. తాగాను, మళ్ళీ పోసింది. పారేయడం నాకు చేతకాదు, మళ్ళీ తాగాను. ఏడు గిన్నెలయ్యాక ఓబులేసు వచ్చి నవ్వు ఆపుకోలేక, "అమ్మా, చాలనుకుంటే గిన్నె అట్లా ఊపాల. ఊపకుంటే తెల్లారిందాకా పోస్తానే ఉంటాది," అన్నాడు.

"ముందే చెప్పలేవా రా?"

"నువ్వు ఇష్టపడి తాగుతాండావనుకుంటి."

సెలవు ఎలా దొరికిందని అడిగితే తల దించుకున్నాడు. "అక్క కూతురి పెండ్లి అని చెప్పినా. అర్బాబ్ వెంటనే పొమ్మన్నాడు, ఒక బుట్ట ఖర్జూరాలు కూడా ఇచ్చినాడు."

దారి పొడుగునా వాడు తన చేతులే చూసుకున్నాడు. ఖర్జూరపు మట్టలు గీసుకుని గీసుకుని అరచేతులు రాతిలా అయ్యాయి. "ఈ చేతుల్తో ఆ పాప చేతులు పట్టుకుంటే గీరుకుంటాయేమో మా," అన్నాడు. ఆముదం రాసుకోమన్నాను.

మత్రా

నానకేలు వట్టి చేతులతో రాకూడదట. మత్రా పాత బజారుకు పోయాం. పైన కప్పు, కింద ఇరుకు సందు, సాంబ్రాణి పొగ. దుకాణాల్లో చాలామంది మనవాళ్ళే, గుజరాత్ వైపు వాళ్ళు. ఎర్రటి ఓణీ ఒకటి, అంచుకు సన్న జరీ. కొట్టువాడు నాలుగు రియాళ్ళు చెప్పాడు. రెండున్నరకు ఇమ్మన్నాను. నా కూతురు సిగ్గుతో సందు చివరికి పోయి నిలబడింది. అతను మూడన్నాడు, నేను రెండున్నరే అన్నాను. చివరికి, "మీ అమ్మమ్మలాంటిదాన్ని రా," అన్నాను. "మా అమ్మమ్మ ఇంతకంటే మేలు మాతాజీ, ఆమె అసలు కొట్లోకే రాదు," అంటూ రెండున్నరకే కట్టిచ్చాడు.

పసుపు రోజు

పెళ్ళికి రెండు రోజుల ముందు ప్రీత్‌కు పసుపు పూశారు. మన నలుగులాంటిదే. మనం సెనగపిండి, నువ్వుల నూనె వాడితే వాళ్ళు ఆవనూనె వాడతారు, వాసన కళ్ళకు నీళ్ళు తెప్పిస్తుంది. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, పైన నలుగురు ఆడవాళ్ళు నాలుగు కొసలు పట్టుకుని ఎర్ర గుడ్డ పందిరిలా పట్టారు.

తర్వాత డోలక్ వచ్చింది. ఆడవాళ్ళంతా పాటలు అందుకున్నారు. అవి మన వియ్యపురాళ్ళ మీద పాడే ఎకసెక్కాల పాటల్లాంటివే. పక్కింటి ఆమె మీద పాడారు, ఆమె మొగుడి పొట్ట మీద పాడారు. ప్రీత్ నా చెవిలో మాట మాటకూ తెలుగు చెబుతోంది. "ఇప్పుడు నానకేల మీద పాడాల అవ్వా. వాళ్ళను తిట్టకుంటే పండగే లేదు. నానీ ముక్కు పొడుగని, మామ గాడిదెక్కి వచ్చినాడని, ఏదో ఒకటి కట్టి తిడతారు. నువ్వు కోపం తెచ్చుకోవాకు, ముద్దుకే తిడతారు."

డోలక్ వాయించే అమ్మాయి నవ్వుతూ నా వైపు తిరిగి గొంతు సవరించుకుంది. బూవా చెయ్యి ఎత్తింది. "వాళ్ళ మీద వద్దు. పరాయివాళ్ళు, బాధపడతారు."

పాట వేరే దారి పట్టింది. మర్యాదగా చెప్పిందనే ఎవరైనా అనుకుంటారు. నా కూతురు లేచి వంటింట్లోకి పోయింది. కొళాయి పూర్తిగా తిప్పి వదిలింది. గిన్నెలు ఏమీ లేవు, కడగడానికి. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"నీళ్ళు దండగ చేయకే," అన్నాను.

కట్టేసింది. "పద్నాలుగేండ్లు మా," అంది. "నన్ను తిట్టను కూడా తిట్టలేదు సూడు."

చూడా

మర్నాడు తెల్లవారకముందే లేచాను. అలవాటు. అందరికీ కాఫీ పెడదామని వంటింట్లోకి పోతే, గట్టు మీద ఒక గిన్నె, దాని మీద తెల్లగుడ్డ. తీసి చూస్తే పాలు. పాలల్లో ఎర్రవీ తెల్లవీ గాజులు! ఎవరో చిన్నపిల్లలు ఆడుతూ పడేసి ఉంటారనుకున్నాను. లీటరున్నర పాలు వృథా. గాజులన్నీ ఏరి, కొంగుతో తుడిచి పళ్ళెంలో పేర్చాను. పాలు వడగట్టి పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు కలిసి పలచగా ఉన్నాయి, అందుకని మా ఊరి నుంచి తెచ్చిన కాఫీపొడి మరో రెండు చెంచాలు ఎక్కువ వేశాను.

అప్పుడే ప్రీత్ నీళ్ళ కోసం వచ్చింది. నేను పళ్ళెం ఎత్తి చూపించాను. "ఇదో, నీ గాజులేనా ఇవి? పాలల్లో పడేసుంటే తీసి తుడిచినా."

పిల్ల చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. వెంటనే రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

"అవ్వా, మళ్ళీ గుడ్డ కప్పెయ్. తొందరగా."

"ఏమైందే?"

"చూడాను మామ పాలల్లో కడిగి తొడగాల. తొడిగేటప్పుడు కూడా నా కండ్లు మూస్తారు. పెండ్లి దాకా నేను చూడకూడదు, చూస్తే మంచిది కాదంటారు." ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. "నేనేం చూడలేదు. నువ్వేం చూపియ్యలేదు. కొత్త పాలు పోసి ఎట్లుండిందో అట్లే పెట్టు. బూవాకు తెలిస్తే మామను తొడగనియ్యదు. మాసీని కూడా పక్కకు జరుపుతాది."

గాజులను పాలల్లో కడిగే ఆచారం ఒకటుంటుందని నాకు కలలో కూడా తెలియదు. మనలో గాజులవాడు వచ్చి నలుగురి ముందర తొడుగుతాడు, పిల్లే రంగు ఎంచుకుంటుంది. కొత్త పాలు పోశాను, నీళ్ళు కలిపాను, గాజులు ముంచాను, గుడ్డ కప్పాను. కాఫీ మాత్రం పొయ్యి మీద పొంగుతోంది. దాన్ని పారబోస్తే ఎందుకని అడుగుతారు. పోసి అందరికీ ఇచ్చాను. బూవా రెండు గ్లాసులు తాగింది. "ఈ కాఫీలో ఏముంది?" అని నా కూతుర్ని అడిగింది. నేను వచ్చాక మా ఇంటి వస్తువు ఆమె మెచ్చుకుంది అదొక్కటే.

పది గంటలకు చూడా. ఓబులేసు సబ్బుతో చేతులు నాలుగుసార్లు కడుక్కుని వచ్చాడు. తలకు గుడ్డ కట్టారు. లక్ష్మీదేవి వెనక కూర్చుని ప్రీత్ కళ్ళ మీద రెండు అరచేతులూ పెట్టింది. వాడు ఒక్కొక్క గాజూ పాలల్లోంచి తీసి, గాజుకంటే ఆ చెయ్యే పగిలిపోతుందేమో అన్నట్టు పట్టుకుని తొడిగాడు. ఒకటి బిగుసుకుంది. పిల్ల "ఊఁ" అంది. వాడు ఆగిపోయాడు.

"ఎక్కియ్ మామా, ఏం కాదు," అంది ప్రీత్, కళ్ళు మూసుకునే.

అన్నీ అయ్యాక గాజులు కనబడకుండా తెల్లగుడ్డలు చుట్టారు. ఓబులేసు లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను వాడి వైపు చూడలేదు, చూస్తే నేను కూడా అలా తిరగవలసి వచ్చేది. ఇంతమంది మంచి మనసుతో చేస్తున్న పని కింద నేను దాచిన అబద్ధం ఒకటుంది, అది నాకు మెతుకులో రాయిలా తగులుతూనే ఉంది.

నాలుగు చుట్లు

పెళ్ళి పొద్దున పూట, సర్దార్లు వారం వారం కూడే హాల్లో. మొదట మిల్నీ. అంటే ఇటు తండ్రి అటు తండ్రిని, ఇటు మామ అటు మామను దండలు వేసి కౌగిలించుకోవాలి. పెళ్ళికొడుకు మేనమామ సలాలాలో పెద్ద లారీలు నడుపుతాడు, ఏనుగంత మనిషి. మా ఓబులేసును అమాంతం ఎత్తి గాల్లో తిప్పి దించాడు. వాడి చెప్పు ఎగిరి పోయి ఎవరి ఒళ్ళోనో పడింది.

మన పెళ్ళిళ్ళలో ఉండే హోమం లేదు, తాళి లేదు, ముహూర్తానికి గడియారం చూసేవాళ్ళు లేరు. అందరూ తల మీద గుడ్డ కప్పుకుని నేల మీద కూర్చున్నారు. పందిరి కింద వాళ్ళ గ్రంథం, దానికి ఒకాయన వింజామర వీస్తున్నాడు. పెళ్ళికొడుకు చేతిలో కత్తి. సర్దార్జీ అతని భుజం మీది కండువా కొసను ప్రీత్ చేతిలో పెట్టాడు. ఒక్కో మంత్రం చదవడం, పాట పాడుతుండగా ఇద్దరూ గ్రంథం చుట్టూ ఒక చుట్టు తిరగడం. అలా నాలుగు.

మూడు బాగానే జరిగాయి. నాలుగో చుట్టులో ప్రీత్ కాలు పావడా అంచులో పడింది. తూలింది. చుట్టూ నిలబడ్డ, వరసకు అన్నదమ్ములయ్యేవాళ్ళలో ఒకడు పట్టుకున్నాడు, మళ్ళీ నడిచింది. ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం నా వల్లే అనుకున్నాను. ఆ తర్వాత దోసిట్లో వేడి వేడి హల్వా పెట్టారు, వాళ్ళ ప్రసాదం. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారి చీర పాడయింది. దాని రుచి నాకు గుర్తు లేదు.

వంటశాల

అక్కడ భోజనం అందరూ కలిసి వండి, అందరూ నేల మీద బంతిగా కూర్చుని తింటారు. పప్పు, కూర, పాయసం, రొట్టె. రొట్టె పెడితే రెండు చేతులూ చాపి తీసుకోవాలి. నేను వంటశాలలోకి పోయి బూవా పక్కన కూర్చుని రొట్టెలు ఒత్తడం మొదలుపెట్టాను. అన్నం తినేదాన్ని, నా రొట్టెలు ఒక్కటీ గుండ్రంగా రాలేదు. ఆమె వాటిని ఓరగా చూసింది.

నేను నా ఉర్దూ ముక్కలు కూడగట్టుకున్నాను. "బహెన్‌జీ, నేను ఒక తప్పు చేశాను. చూడాను పాలల్లోంచి నేనే తీశాను. ప్రీత్‌కు చూపించాను. తెలియక చేశాను. కానీ చేశాను."

ఆమె చేతిలో కర్ర ఆగింది. "పిల్ల చూసిందా?"

"చూసింది. చెప్పొద్దంది. మీరు కోప్పడితే నన్ను కోప్పడండి. నా కూతురికి తెలియదు, నా కొడుక్కి తెలియదు."

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"నాకు తెలుసు కదా."

ఆమె పెనం మీది రొట్టె తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ పాలు ఏం చేశావు?"

"కాఫీ పెట్టాను."

"ఆ కాఫీనా?"

"ఆ కాఫీనే."

ఆమె ఓణీతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని భయపడి నేను లేవబోయాను. గుడ్డ తీసింది. కళ్ళ నిండా నీళ్ళు, నవ్వు ఆగడం లేదు.

"రెండు గ్లాసులు తాగానే!" అంది. నవ్వు తగ్గాక పిండి చేత్తోనే నా మోకాలి మీద తట్టింది. "పరాయివాళ్ళు తప్పు చేస్తే ఆడపిల్ల ఇల్లంతా లేచేలా అరుస్తుంది. తల్లి వైపు వాళ్ళ తప్పునే కడుపులో దాచుకుంటుంది. ప్రీత్ దాచిందంటే ఇక నేను చెప్పేదేముంది?"

అని, రొట్టెల కర్రతో ఖాళీ డబ్బా మీద దరువు వేసి, అక్కడికక్కడే పాట కట్టింది. నానీ వచ్చింది చూడండి, చూడా కడిగిన పాలతో కాఫీ కాచింది. ఓ పెళ్ళికొడకా, జాగ్రత్త, ఈమె మీ ఇంటికొస్తే నీ తలపాగా పిండి చారు పెడుతుంది. మాసీ సంగతి అడగకండి, తల్లి గుణం పిల్లకు రాకుండా పోతుందా?

వంటశాలలో ముప్ఫై మంది ఆడవాళ్ళు గొల్లుమన్నారు. లక్ష్మీదేవి పప్పు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక్కొక్క ముక్క అర్థమవుతున్న కొద్దీ దాని మొహం ఎర్రబడింది. నేనూ ఊరుకోలేదు. పెళ్ళిళ్ళలో పాడినదాన్నే కదా. రెండు గ్లాసులు తాగి మూడోదానికి చెయ్యి చాపిన బూవమ్మకు మర్యాదలు చెప్పేదెవరని తెలుగులో రాగం తీశాను. నా కూతురు హిందీలో అర్థం చెప్పింది. చెప్పేటప్పుడు దాని గొంతు సగం నవ్వు, సగం ఏడుపు.

సాగనంపడం

మధ్యాహ్నం మూడు గంటలకు ఇంటి దగ్గర సాగనంపారు. వాళ్ళలో పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు బొరుగులు మూడు గుప్పిళ్ళు తీసి, వెనక్కి తిరగకుండా తల మీదుగా ఇంట్లోకి విసరాలి. పుట్టిల్లు ఎప్పుడూ నిండుగా ఉండాలని. వెనక నిలబడి తల్లి కొంగు చాపి వాటిని పట్టుకోవాలి.

ప్రీత్ గడప దగ్గర నిలబడింది. పళ్ళెం పట్టుకుంది బూవా. ఆడవాళ్ళంతా బూవా వైపే చూస్తున్నారు, ఆమె పళ్ళెం ఎవరికైనా ఇచ్చి వెనక్కి పోతుందని. ఆమె పోలేదు.

"లచ్మీ, ఏం చూస్తున్నావు? కొంగు పట్టు," అని కసిరింది.

నా కూతురు తడి చేతులు చీరకు తుడుచుకుని వచ్చి నిలబడింది. కొంగు చాపింది. మొదటి గుప్పెడు నేరుగా వచ్చి పడింది. రెండోది పడింది. మూడోది పిల్ల గబుక్కున విసిరింది, బొరుగులు పైకి లేచి మెట్ల మీదా గడప మీదా చెదిరిపోయాయి. వెనక్కి తిరగకూడదు కాబట్టి తిరగలేదు. "మాసీ," అని మాత్రం అంది. కారెక్కింది.

కారు మలుపు తిరిగి కొండ వెనక్కి పోయింది. లక్ష్మీదేవి కొంగు చాపినది చాపినట్టే నిలబడి ఉంది. నేను మెట్ల మీద కూర్చుని పడిన బొరుగులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను. ఒకటి చెప్పుల కిందికి పోతే చెప్పులు జరిపి తీశాను. కాసేపటికి బూవా మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వచ్చి పక్క మెట్టు మీద కూర్చుని తనూ ఏరింది. ఏరినవన్నీ తెచ్చి నా కూతురి కొంగులో పోశాం. అప్పుడు అది కొంగు ముడి వేసుకుని ఇంట్లోకి పోయింది.